సిద్దయ్య తెచ్చిన పూలు ఏమయ్యాయి?

వైశాఖ శుద్ధ దశమి దగ్గర పడుతోందంటే ఈమధ్య నాకు భక్తి కన్నా ముందు చిరాకు వస్తోంది. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి వారు సజీవసమాధి అయిన రోజు అది. స్వామివారి ఆరాధన అని ఇంట్లో పెద్దవాళ్లు గుర్తుచేసే రోజులు పోయాయి, ఫోన్ గుర్తుచేస్తోంది. "బ్రహ్మంగారు అప్పుడే చెప్పారు" అని ఒక బొమ్మ, దాని వెనక మంటలు, పక్కన రెండు తలల దూడ. పంపినవాళ్లు చదవరు, అందుకున్నవాళ్లూ చదవరు, దండం బొమ్మ ఒకటి పెట్టి పక్క గ్రూపులోకి తోసేస్తారు. 2020లో ఆ మాయదారి జబ్బు వచ్చినప్పుడు "కోరంకి" పద్యం ఒక్కటే ఎన్ని వైపుల నుంచి వచ్చిపడిందో లెక్కలేదు. కృష్ణకు వరదొస్తే దుర్గమ్మ ముక్కుపుడక దాకా నీళ్లెప్పుడొస్తాయని లెక్కలు. యాగంటికి పోతే ఉమామహేశ్వరుడికి దండం పెట్టేముందే బసవన్న ఎంత పెరిగాడో కళ్లతో కొలవడం. ఇంతేనా మనకు స్వామి?

ఆయన చెప్పినవి జరగలేదని నేననడం లేదు. నమ్ముతాను. ఎద్దులు లేని బండ్లు నడుస్తాయని, నీళ్లతో దీపాలు వెలుగుతాయని మా జేజి చెబుతుంటే నోరు తెరుచుకుని విన్నవాణ్నే. కానీ ఆమె ఆ మాటలు చెప్పేటప్పుడు ఎవరినీ బెదిరించేది కాదు. చింతపండు గింజలు తీస్తూ "చెప్పలేదంటనక పొయ్యేరు నరులారా" అని ఎత్తుకునేది, వెంటనే "గురుని చేరి మ్రొక్కితే బ్రతికేరు" అని ముగించి, మళ్లీ మొదటికొచ్చేది. మనం ఇప్పుడు మొదటి పాదం ఒక్కటే పట్టుకుని తిరుగుతున్నాం. రెండో పాదం ఏ గ్రూపులోనూ కనిపించదు.

ఇది చాలదన్నట్టు ఎవరి స్వామి అనే తగవు ఒకటి. సమాధి ఉన్న కందిమల్లాయపల్లే, అంటే ఇప్పటి బ్రహ్మంగారి మఠమే, గొప్పదని ఒకరంటే, రాబోయేవి చెప్పే కాలజ్ఞానం పుట్టిన బనగానపల్లెను మించిన చోటేదని ఇంకొకరంటారు. స్వామి మనవరాలు ఈశ్వరమ్మ తల్లి మఠానికి పోకుండా వెనక్కి పోయేవాళ్లు కొందరు, శిష్యుడు సిద్దయ్య ఊరు ముడుమాల ఎక్కడుందో తెలియనివాళ్లు చాలామంది. మా కులంలో పుట్టాడు కాబట్టి మావాడు అనేవాళ్లున్నారు. ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనను. కొలిమి దగ్గర, బాడిస దగ్గర బతికిన విశ్వబ్రాహ్మణుల ఇళ్లకు ఆయన పేరు ఎంత ధైర్యమో నాకు తెలుసు. కానీ మావాడే అన్నప్పుడు ఆ చివరి అక్షరం దగ్గర స్వామి ఆగిపోతాడు. ఇక వీరభోగ వసంతరాయలుగా మళ్లీ వస్తానన్న మాట పట్టుకుని "నేనే ఆయన్ను" అని బయల్దేరినవాళ్ల సంగతి వదిలేద్దాం, వాళ్లతో పని లేదు. 2021లో పీఠాధిపతి శివైక్యం చెందాక వారసత్వం సంగతి హైకోర్టు దాకా పోయింది. ఎవరిది న్యాయమో తేల్చడానికి నేనెవణ్ని? టీవీలో ఆ వార్త చూస్తూ మా ఇంట్లో అన్నం సగంలో లేచినవాళ్లున్నారు, అంతమాత్రం చెప్పగలను.

ఈ తగవులన్నీ చెవిన పడ్డప్పుడల్లా నా మనసు పోయి ఒకేచోట కూర్చుంటుంది. పూల దగ్గర.

కథ మీకు తెలిసిందే. 1693, వైశాఖ శుద్ధ దశమి. సమాధి సిద్ధమైంది. అందరికీ ముందే చెప్పి ఉంచారు స్వామి. గోవిందమ్మ గారిని బొట్టూ గాజులూ తీయొద్దన్నారు, నాకు చావు లేనప్పుడు నీకు వైధవ్యం ఎక్కడిదన్నారు. వేళ దగ్గరపడుతోందనగా ప్రియశిష్యుడు సిద్దయ్యను పిలిచి, పూజకు పూలు కావాలి, బనగానపల్లె వెళ్లి తెమ్మన్నారు. సిద్దయ్య మారుమాటాడలేదు. ఆయన తిరిగొచ్చేసరికి స్వామి లోపలికి వెళ్లిపోయారు, బండ మూసేశారు. సిద్దయ్య ఆ బండ మీద పడి ఏడ్చాడు, ప్రాణం తీసుకోబోయాడు. అప్పుడు లోపలి నుంచి పిలుపొచ్చింది. బండ తీయించి స్వామి పైకొచ్చి దండం, కమండలం, పాదుకలు, ముద్రిక ఆయన చేతికిచ్చి మళ్లీ సమాధిలోకి వెళ్లారు.

ప్రియశిష్యుడు ఆ వియోగం తట్టుకోలేడని దూరంగా పంపారని అందరూ చెబుతారు. నాకు ఆ సమాధానం ఎప్పుడూ చాలలేదు. సిద్దయ్య అంత బలహీనుడా? తోటి శిష్యులు "దూదేకులవాడి మీద గురువుకు ఇంత ప్రేమేమిటి" అని గొణుక్కుంటుంటే, స్వామి అందరినీ పిలిచి కుళ్లి పురుగులు పట్టిన కుక్క శవాన్ని చూపించి తినమన్నారు. మిగతావాళ్లు ముక్కు మూసుకుని వెనక్కి జరిగితే సిద్దయ్య ఒక్కడే కూర్చుని తిన్నాడు. నవాబు ముందు నిలబడి, నా సలాము నువ్వు తట్టుకోలేవు అని, ఆ సలాము ఒక బండరాయికి పెడితే రాయి పగిలింది. అలాంటివాడు సమాధి మూస్తుంటే చూడలేడా? చూడగలడు. చూసి, అందరితో పాటు దండం పెట్టి, అందరితో పాటు ఇంటికి పోయేవాడు. అది ఇష్టం లేకే స్వామి పంపేశారని నాకనిపిస్తుంది. అక్కడున్న వాళ్లంతా సరే అనుకున్నారు. స్వామి చెప్పారు, మనం మూశాం, అయిపోయింది అనుకున్నారు. ఒక్కడు మాత్రం సరే అనకూడదు. ఆ ఒక్కడు బయట నుంచి రావాలి, ఆలస్యంగా రావాలి, వచ్చి బండ మీద పడి అడగాలి. మూసినవాళ్లకు స్వామి తనంతట తాను మళ్లీ కనిపించలేదు. ఏడ్చినవాడి కోసం లేచి వచ్చారు.

అయితే బనగానపల్లేనే ఎందుకు? పూలు కందిమల్లాయపల్లెలో దొరకవా? వైశాఖంలో మల్లెలు ఏ ఊళ్లో పూయవు? నల్లమల కొండల వైపు నుంచి బయల్దేరి, కుందూ దాటి, అంత ఎండలో అంత దూరం కాలినడకన పోయి పూలు తెమ్మనడంలో ఏముంది?

ఇక్కడే నాకు ప్రతి ఏడూ కొత్తగా ఒళ్లు జలదరిస్తుంది. బనగానపల్లె ఏమిటి స్వామికి? గరిమిరెడ్డి అచ్చమ్మ గారింట ఆవులు కాసిన చోటు. ఆవుల చుట్టూ కర్రతో గిరి గీసి, అవి గీత దాటకుండా మేస్తుంటే తాను రవ్వలకొండ గుహలో కూర్చుని తాటాకుల మీద రాసుకున్న చోటు. అచ్చమ్మ గారి కొడుకు బ్రహ్మానందరెడ్డికి చూపొచ్చిన చోటు. రాసిన కాలజ్ఞానం కొంత భూమిలో పెట్టి, పైన చింతచెట్టు నాటిన చోటు. ఆ కాలజ్ఞానం అక్కడుంది. ఆ ఊరికి, ఆఖరి రోజున, తనకు అందరికన్నా దగ్గరివాణ్ని పంపుతూ స్వామి ఏం తెమ్మన్నారు? ఆ తాటాకులు తవ్వి తెమ్మనలేదు. నేను పోయాక లోకానికి పనికొస్తాయి, భద్రం చేయమని అనలేదు. పూలు తెమ్మన్నారు.

ఒక్కసారి నిదానంగా ఆలోచించండి. కాలజ్ఞానం ఉన్న ఊరికి వెళ్లి, కాలజ్ఞానాన్ని అక్కడే వదిలి, పూలతో తిరిగొచ్చినవాడికి పాదుకలు దొరికాయి. మనం మూడు వందల ఏళ్లుగా చేస్తున్నది సరిగ్గా తలకిందులు. పూలు అక్కడే వదిలేసి తాటాకులు మోసుకొస్తున్నాం. ఆ తాటాకుల్లో కూడా మనకు కావలసిన ముక్కలే ఏరుకుంటున్నాం. ఏ ప్రతిలో ఏముందో, ఎవరు చేర్చారో, ఏది ఎవరు అచ్చు వేశారో ఎవరికీ పట్టదు. నిన్న టీవీలో వచ్చిన సంఘటనకు ఇవాళ పొద్దున్నే కాలజ్ఞానంలో ఒక పద్యం మొలుస్తుంది! ఆ చింతచెట్టు గురించి ఒక మాట చెబుతారు, ఊరికి కీడు వచ్చేముందు దాని పూతంతా రాత్రికి రాత్రే రాలిపోతుందని. మనవాళ్లు రాలిన పూత లెక్కపెట్టడానికి పోతారు. సిద్దయ్య కోసుకొచ్చిన పూల గురించి అడగరు.

నేను అడిగాను, చిన్నప్పుడే. "జేజీ, మరి సిద్దయ్య తెచ్చిన పూలు ఏమయ్యాయి?" మా జేజి ఒక్క క్షణం ఆగింది. ఆమె విన్న ఏ కథలోనూ ఆ సంగతి లేదు. "ఏమోరా నాయనా, చేతిలోనే ఉండుంటాయి" అంది. తర్వాత ఆరాధన రోజుల్లో హరికథలు విన్నాను, ఏకతార మీద తత్వాలు పాడేవాళ్లను ఆపి అడిగాను. బండ లేచే ఘట్టం దగ్గర వాళ్ల గొంతు లేస్తుంది, జనం చప్పట్లు కొడతారు, పూలు మాత్రం ఎక్కడో దారిలోనే మాయమైపోతాయి. స్వామి పైకొచ్చినప్పుడు సిద్దయ్య ఆ పూలు ఆయన పాదాల మీద పోశాడా? ఏడుపులో జారిపడ్డాయా? అంత ఎండలో నడిచొచ్చేసరికి వాడిపోయి ఉంటాయి కదా, వాడిన పూలే ఇచ్చాడా? నాకైతే ఇచ్చాడనే నమ్మకం. గురువు అడిగింది తెచ్చాడు, చేతికిచ్చాడు, అప్పుడే ఆయన చేతిలోవి ఈయన చేతిలోకి వచ్చాయి. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, నా ఊహ. కోపం తెచ్చుకునేవాళ్లు తెచ్చుకోండి.

ఇంకో సంగతి గమనించారా? దండం, కమండలం, పాదుకలు, ముద్రిక వచ్చాయి కదా అని సిద్దయ్య పీఠం అడగలేదు. పీఠం వంశంలో నడిచింది. ఆయన ముడుమాల పోయాడు. పీర్‌సాహెబు కొడుకు, ఏ ఊళ్లో "మావాణ్ని మతం మార్చారు" అని గోల జరిగిందో ఆ ఊరికే పోయాడు. గురువు చెప్పులు ఉన్నవాడు కుర్చీ కోసం కొట్లాడలేదంటే, ఈ తగవులన్నిటికీ జవాబు మన కళ్లముందే ఉందన్నమాట. జవాబు ఉండి ఏం లాభం, ముడుమాలకు వెళ్లేవాళ్లెందరు?

కక్కయ్య సంగతీ ఇక్కడే చెప్పాలి. దేహంలో ఆరు చక్రాలున్నాయి, వాటిలో దేవతలున్నారు అని స్వామి సిద్దయ్యకు బోధిస్తుంటే కక్కయ్య చాటుగా విన్నాడు. ఇంటికి పోయి నిద్రపోతున్న భార్యను కోసి చూశాడు, దేవతలు ఎక్కడున్నారో చూద్దామని. రక్తం తప్ప ఏం కనిపించలేదు. లబోదిబోమంటూ వచ్చి స్వామినే తిట్టాడు. స్వామి వెళ్లి ఆ తల్లిని బతికించి, కక్కయ్యను శిష్యుణ్ని చేసుకున్నారు. ఈ కథ విని మనం నవ్వుతాం, ఎంత అమాయకుడో అని. నాకు నవ్వు రావడం లేదిప్పుడు. కక్కయ్య మాటను కత్తితో కోశాడు, నిజమే, కానీ దేవుణ్ని చూడాలని కోశాడు. మనం కాలజ్ఞానాన్ని రోజూ కోస్తున్నాం, ఎవరు చస్తారో చూడాలని. మనకన్నా కక్కయ్యే నయం. చెప్పుల పనిచేసే మాదిగ కక్కయ్యను కూర్చోబెట్టుకుని బోధించిన స్వామిని ఇవాళ కులసంఘం బ్యానర్ మీద చూస్తే, ఆ బ్యానర్ కట్టినవాళ్లు ఈ కథ వినలేదా అనిపిస్తుంది.

మన దగ్గరే ఇలా జరిగిందనుకోకండి. కబీరుదాసు మగహరులో దేహం వదిలినప్పుడు దహనం చేస్తామని హిందువులు, ఖననం చేస్తామని ముస్లిములు కొట్లాటకు దిగారట. దుప్పటి ఎత్తి చూస్తే దేహం లేదు, పూలున్నాయి. అక్కడా పూలే! ఆ పూలను కూడా వదల్లేదు, చెరి సగం పంచుకున్నారు. ఇప్పటికీ మగహరులో సమాధి ఒకవైపు, మజారు ఒకవైపు. ఆయన పేరు మీద పుట్టిన పంథ్‌లోనూ కాశీలోని కబీర్ చౌరా వాళ్లు ఒకటి, ఛత్తీస్‌గఢ్‌లోని ధర్మదాసు పరంపర ఇంకొకటి. రెండు మతాలనూ నిలదీసినవాడి పేరు మీద గోడ లేచింది. ఆ లెక్కన మన స్వామి ఎంతో నయం చేశారు, పూలు తెచ్చే పని ఒక్కడికే ఇచ్చారు, పంచుకునే వీలు లేకుండా.

ఒకసారి ఆరాధనకు మఠానికి పోయినప్పుడు క్యూలో నా ముందు ఇద్దరు వాదించుకుంటున్నారు. ఒకాయనది వడ్రంగి పని అని చేతులు చూస్తేనే తెలుస్తోంది, బొటనవేలి గోరు సగం లేదు. "స్వామి మన ఇంటి బిడ్డ, ముందు మనకు దర్శనం ఇవ్వాల" అంటున్నాడు. రెండో ఆయన ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసినట్టున్నాడు, "సిఫారసు తెచ్చుకున్నా, వీఐపీ లైన్ ఎక్కడ" అని టెన్షన్ పడుతున్నాడు. వాళ్లిద్దరి వెనక ఒక ముసలామె. నెత్తిన కొంగు, మెడలో నల్లపూసలు, చేతిలో తడిగుడ్డ మూట. ఆ గుడ్డ అంచు నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా నా కాలి మీద పడుతుంటే వంగి చూశాను. మల్లెమొగ్గలు. మూటకు పైన ఒక వరస వాడి గోధుమరంగుకు తిరిగింది, లోపలివి మాత్రం తెల్లగానే ఉన్నాయి. "ఎంతదూరం నుంచమ్మా?" అంటే ఊరి పేరు చెప్పింది, బస్సు మారి వచ్చానంది. "ఏమడగాలని వచ్చినావు?" అన్నాను, మనకు వేరే ప్రశ్న రాదు కదా. "అడిగేదేముంది నాయనా, మా సిద్దయ్య తెచ్చినాడు కదా, అందుకని నేనూ తెచ్చినా" అంది. దూదేకులామె అని అప్పుడు అర్థమైంది. వాదించుకుంటున్న ఆ వడ్రంగి పెద్దాయన ఈ మాట విన్నాడు. ఏమీ అనలేదు, పక్కకు జరిగి "నువ్వు ముందు పో అవ్వా, పూలు వాడతాయి" అన్నాడు. వీఐపీ ఆయన మాత్రం ఫోన్‌లోనే ఉన్నాడు.

నేను పండితుణ్ని కాను. "కాళికాంబ హంస కాళికాంబ" అని ముగిసే పద్యాలు నాకు వచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తత్వార్థం చెప్పేవాళ్లు పూలంటే హృదయపద్మం అంటారు, బనగానపల్లె అంటే ఫలానా చక్రం అంటారు, సుషుమ్న అంటారు. చెప్పనివ్వండి, అదీ ఉంటుందేమో. నాకైతే పూలు పూలే. ఎండలో నడిచి తెచ్చిన పూలు. పోలేరమ్మనే "పోలేరీ, చుట్టకు నిప్పు తే" అని పిలిచి తెప్పించుకున్న స్వామికి పూలు తెప్పించుకోవడం చేతకాదా? నిప్పుకు అమ్మవారిని పిలిచారు, పూలకు మనిషిని పంపారు. మనిషి తేవాలి కాబట్టే పంపారు.

అందుకని ఈ దశమికి నా మాట వినండి. ముందు ఆ బొమ్మలు పంపడం ఆపండి. ఒక్క రోజు. మీకు వచ్చినా మీ దగ్గరే ఆగిపోనివ్వండి. తత్వం ఒకటి మొత్తంగా నేర్చుకోండి, రెండో పాదంతో సహా, పిల్లల చేత పాడించండి. బయటికొచ్చిన ప్రతి జబ్బుకూ ప్రతి యుద్ధానికీ స్వామిని సాక్షిగా లాగకండి, ఆయన మనల్ని భయపెట్టి సంపాదించుకున్నదేమీ లేదు. మఠానికి పోయేవాళ్లు కులం పేరు చూసి సత్రం వెతుక్కోకండి, ఎక్కడ విస్తరి వేస్తే అక్కడ కూర్చోండి, పక్కనెవరని అడగకండి. గుడి ముందు కొన్న దండకన్నా మీ పెరట్లో పూసిన గుప్పెడు తెచ్చుకోండి, దారిలో వాడినా పర్వాలేదు. గోవిందమ్మ తల్లి పేరు తలుచుకోండి, ఈశ్వరమ్మ మఠంలో కాసేపు కూర్చోండి. నీళ్లు నిండిన బ్రహ్మంసాగర్ దగ్గర ఫోటోలు దిగే టైముంటుంది కదా, ఆ టైములో ఆటో మాట్లాడుకుని ముడుమాల పోయి రండి. మీ గుప్పెట్లో సగం పూలు మఠంలో ఇచ్చేసి మిగతా సగం సిద్దయ్యకు పట్టుకెళ్లండి. అక్కడ మిమ్మల్ని ఎవరైనా "మీరేమిటోళ్లు?" అని అడిగితే, పూలు తెచ్చామని చెప్పండి.